క్యాన్సర్ నొక్కే బ్రేకు

శ్రోతలకు నమస్కారం. కోవిడ్ వచ్చిన దగ్గర్నుంచి ఎటు చూసినా ఇమ్యూనిటీ పెంచుకోండి అనే మాటే, పొడుల మీదా, కషాయాల మీదా, చివరికి బిస్కెట్ల మీదా. కానీ చాలా క్యాన్సర్లలో మన ఇమ్యూనిటీకి సైనికుల్లాంటి టి-కణాలు కణితి దాకా వెళ్తాయి, శత్రువును గుర్తుపడతాయి కూడా, అయినా ఏమీ చెయ్యకుండా నిలబడిపోతాయి. ఎందుకని?

టి-కణం పైపొర మీద పీడీ-1 అనే ప్రోటీన్ ఉంటుంది. 1992లో జపాన్‌లో, క్యోటో యూనివర్సిటీలో తసుకు హోంజో బృందం దాన్ని కనిపెట్టింది. అదొక బ్రేకు. శత్రువు తగలగానే టి-కణం లోపల ఒక ప్రోటీన్ ఇంకోదానికి ఫాస్ఫేట్ తగిలిస్తూ, అది మరోదాన్ని లేపుతూ, దాడి చెయ్యమనే సంకేతం కేంద్రకం దాకా వెళ్తుంది. పీడీ-1ని ఎవరైనా నొక్కితే ఒక ఎంజైమ్ వచ్చి ఆ ఫాస్ఫేట్లను పీకేస్తుంది, సంకేతం మధ్యలోనే ఆగిపోతుంది. ఆ బ్రేకు మనకు కావాలి. అది లేకుండా పుట్టించిన ఎలుకల్లో సొంత కీళ్ల మీదా, గుండె మీదా దాడి జరిగింది.

నాకు ఎప్పటికీ ఆశ్చర్యం తీరనిది ఒకటుంది. టి-కణం పోరాడేటప్పుడు ఇంటర్‌ఫెరాన్-గామా అనే సంకేత ప్రోటీన్‌ను వదులుతుంది, అది తగిలిన క్యాన్సర్ కణంలో జాక్-స్టాట్ అనే సంకేత మార్గం కదులుతుంది, దాంతో ఆ కణం పీడీ-ఎల్1 అనే ప్రోటీన్‌ను పైకి తెచ్చుకుంటుంది, సరిగ్గా పీడీ-1ని నొక్కేది అదే. దాడి మొదలవడమే దాడిని ఆపేస్తోందన్నమాట!

నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి మందులు పీడీ-1కి అడ్డుపడి ఆ నొక్కుడు ఆపుతాయి, క్యాన్సర్‌ను చంపే పని టి-కణాలదే. సీటీఎల్‌ఏ-4 అనే ఇంకో బ్రేకు మీద పనిచేసిన జేమ్స్ ఆలిసన్‌కూ, హోంజోకూ కలిపి 2018లో నోబెల్ ఇచ్చారు. ఈ మందులు అందరికీ పనిచెయ్యవు, ఖరీదు కూడా చాలా ఎక్కువ. అందుకే ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు చేసిన పని నాకు గొప్పగా అనిపిస్తుంది: ముదిరిన తల, మెడ క్యాన్సర్ రోగులకు మామూలు మోతాదులో పదో వంతు కన్నా తక్కువగా, 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్‌ను ఇతర మందులతో కలిపి ఇచ్చారు. అది లేనివాళ్లలో ఏడాది తర్వాత 16 శాతం మంది బతికుంటే, ఇచ్చినవాళ్లలో 43 శాతం మంది ఉన్నారు.

బ్రేకు తీసేసిన టి-కణాలు పేగుల మీదా, ఊపిరితిత్తుల మీదా, థైరాయిడ్ మీదా పడొచ్చు, మందు ఆపేసిన నెలల తర్వాత కూడా. విరేచనాలైనా, ఆయాసమైనా, విపరీతమైన నీరసమైనా మెడికల్ షాపు మాత్రతో సరిపెట్టుకోకండి. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందుగా ఇమ్యునోథెరపీ, అంటే ఈ బ్రేకు తీసే మందు, తీసుకున్నామని చెప్పండి, అప్పుడు వైద్యం వేరు, చాలాసార్లు స్టిరాయిడ్లు మొదలుపెట్టాల్సి వస్తుంది.