అరచేతిలో ఫైటింగ్ గేమ్

శ్రోతలకు నమస్కారం. ఇద్దరు యోధులు ఎదురెదురుగా నిలిచి తలపడే ఫైటింగ్ గేమ్‌ను చేతిలో పట్టుకుని ఆడే చిన్న కన్సోల్‌లోకి దించితే అది ఎంతవరకు నిలబడుతుందన్నది ఈనాటి ప్రసంగ విషయం. చాలామంది దీనికి జవాబు బొమ్మలో వెతుకుతారు. పెద్ద టీవీ మీద కనిపించిన మెరుపులు, నీడలు, యోధుల వెనుక కదలాడే జనం చిన్న తెర మీద ఎంత మిగిలాయో చూసి తీర్పు చెబుతారు. ఆ కొలత సరైనది కాదని నా గట్టి నమ్మకం. బొమ్మ ఎంత పలచబడినా ఫైటింగ్ గేమ్ బతుకుతుంది కానీ, కాలం గతి తప్పినా, బొటనవేలి మాట యంత్రం వినకపోయినా బతకదు.

ముందు కాలం సంగతి చూద్దాం. ఈ గేములు సాధారణంగా సెకనుకు 60 ఫ్రేముల చొప్పున, అంటే తెర మీద సెకనుకు 60 చిత్రాలు మారుతూ నడుస్తాయి. అంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది 17 మిల్లీసెకన్ల లోపే. ప్రతి దెబ్బకూ ఫ్రేముల్లోనే లెక్క ఉంటుంది. 2023లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6లో చురుకైన చిన్న గుద్దు నాలుగో ఫ్రేముకే తగులుతుంది. దాన్ని చూసి అడ్డుకోవడం ఎవరి తరమూ కాదు, ముందే పసిగట్టాలి. అయితే కూర్చుని కాచుకునేవాడి మీద పైనుంచి పడే దెబ్బలను 20 ఫ్రేములకు అటూ ఇటూగా, కావాలనే నెమ్మదిగా రూపొందిస్తారు. చూసినవాడు లేచి అడ్డుకోగలగాలన్నది అక్కడి ఉద్దేశం. కంటితో చూసి వేలితో స్పందించడానికి మనిషికి సుమారు పావు సెకను, అంటే 15 ఫ్రేములు పడుతుందనుకుంటే, ఆటగాడికి మిగిలే వెసులుబాటు ఐదారు ఫ్రేములు మాత్రమే. చేతిలోని కన్సోల్ బటన్ నొక్కినప్పటి నుంచి తెర మీద ఫలితం చూపించే లోపు మామూలు కంటే మూడు నాలుగు ఫ్రేములు అదనంగా తినేసిందంటే ఆ వెసులుబాటు కాస్తా కరిగిపోతుంది. అంతవరకూ చూసి ఆపగలిగిన దెబ్బను ఇక అదృష్టం మీద ఆధారపడి ఆపాల్సి వస్తుంది.

ఫ్రేములు జారిపోవడం ఇంకో చిక్కు. ఈ తరహా గేముల్లో చాలావరకు పోరాటపు లెక్కంతా ఫ్రేములతోనే ముడిపడి ఉంటుంది కనుక, ప్రాసెసర్ అందుకోలేకపోతే బొమ్మ తడబడటంతో పోదు, పోరాటమే నెమ్మదిస్తుంది. వరుస దెబ్బలను సాధన చేసినవాడి వేళ్లలో ఒక లయ స్థిరపడి ఉంటుంది. మృదంగం నడక మధ్యలో సడలితే పాట ఎలా చెదురుతుందో, ఆ వరుస కూడా అలాగే చెదురుతుంది. అందుకే 2019లో మోర్టల్ కాంబాట్ 11ను నింటెండో స్విచ్‌కు తెచ్చినవారి నిర్ణయాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అవసరాన్ని బట్టి చిత్రం స్పష్టతను అప్పటికప్పుడు తగ్గిస్తూ, పోరాటాన్ని మాత్రం 60 ఫ్రేముల దగ్గర నిలబెట్టడానికి వారు పూనుకున్నారు. ముఖాలు మసకబారాయన్న మాట నిజమే. ఆట మాత్రం ఆటగానే మిగిలింది.

ఇక బొటనవేలు. స్ట్రీట్ ఫైటర్‌లో హదోకెన్ అనే అగ్నిగోళాన్ని విసరాలంటే కిందికి, అక్కడి నుంచి ముందుకు వంగిన మూలకు, ఆపై ముందుకు వేలిని ఒకే ఊపులో దొర్లించి గుద్దు బటన్ నొక్కాలి. ఆర్కేడ్ యంత్రం మీద ఈ పని మణికట్టు చేస్తుంది, చిన్న కన్సోల్ మీద మొత్తం భారం బొటనవేలి కొసదే. 2017 నాటి స్విచ్‌కు ఎడమ పక్కన అమరే జాయ్‌కాన్ అనే కంట్రోలర్ మీద దిక్కులకు నాలుగు విడివిడి గుండ్రటి బటన్లు ఉంటాయి. మూల దిక్కు రావాలంటే రెండు బటన్లు ఒకేసారి నొక్కుడుపడాలి. వేలు ఒకదాని మీది నుంచి ఇంకోదానికి జారేటప్పుడు మధ్య మూల తప్పిపోతే అగ్నిగోళం రాదు, ఉత్త గుద్దు వస్తుంది. ఆ గుద్దు విసిరి ఖాళీగా నిలబడ్డ క్షణంలోనే ప్రత్యర్థి పని కానిచ్చేస్తాడు. ఎస్‌ఎన్‌కే సంస్థ 1999లో తెచ్చిన నియో జియో పాకెట్ కలర్‌కు టిక్కుటిక్కుమని శబ్దం చేసే చిన్న స్టిక్ ఉండేది. ఏ దిక్కు తగిలిందో చెవికి, వేలికి ఒకేసారి తెలిసేది. ఆ మేలు తర్వాతి యంత్రాల్లో అంత శ్రద్ధగా కొనసాగలేదని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

బటన్ల సంఖ్య కూడా చిన్న విషయం కాదు. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2కు ఆర్కేడ్‌లో ఆరు బటన్లు ఉండగా, 1995లో అది చేరిన గేమ్ బాయ్‌కు ఉన్నవి రెండే. బటన్‌ను తేలిగ్గా తాకితే చిన్న దెబ్బ, కాస్త పట్టి ఉంచితే పెద్ద దెబ్బ అన్న ఉపాయంతో సర్దారు. టెక్కెన్‌కు ఈ ఇబ్బంది రాలేదు. రెండు చేతులకు రెండు, రెండు కాళ్లకు రెండు, మొత్తం నాలుగు బటన్లతోనే ఆ ఆట పుట్టింది. అందువల్ల 2006లో టెక్కెన్ డార్క్ రిసరక్షన్ సోనీ చేతి కన్సోల్ పీఎస్‌పీకి వచ్చినప్పుడు, 4.3 అంగుళాల తెర మీద 60 ఫ్రేములతో, దాదాపు దేన్నీ వదులుకోకుండా ఒదిగిపోయింది. ఆరు బటన్ల ఆటల్లో రెండింటిని కన్సోల్ భుజాల మీదికి, అంటే పై అంచు మూలలకు నెట్టక తప్పదు. యంత్రం బరువును మోసే వేళ్లే అక్కడ పెద్ద దెబ్బలూ కొట్టాలి. ప్రతి నొక్కుకూ తెర కొద్దిగా కదులుతుంది.

ఈ కష్టాన్ని తగ్గించబోయి ఆట నియమాన్నే మార్చిన సందర్భమూ ఉంది. 2011లో నింటెండో 3డీఎస్‌కు వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 4లో, కాసేపు వెనక్కి పట్టి ఉంచితే గాని రావాల్సిన గైల్ అనే యోధుడి అస్త్రం, కింది తెరను తాకగానే వెలువడేది. ఓపిక పట్టడమే ఆ యోధుడి బలహీనత, అది తీసేస్తే అతన్ని ఎదుర్కొనే దారి మూసుకుపోతుంది. స్ట్రీట్ ఫైటర్ 6లోని మోడర్న్ పద్ధతి ఈ విషయంలో న్యాయంగా ఉంది. ఒక్క బటన్‌తో అస్త్రం వేయనిస్తుంది, బదులుగా దాని దెబ్బలో కొంత కోత పెడుతుంది.

ఆన్‌లైన్ పోటీకి వస్తే, ఇప్పటి మంచి గేములు రోల్‌బ్యాక్ అనే పద్ధతిని వాడుతున్నాయి. ప్రత్యర్థి ఏం నొక్కాడన్న సమాచారం అందకముందే గేమ్ ఒక ఊహతో ముందుకు సాగుతుంది. ఊహ తప్పితే వెనక్కి వెళ్లి, గడిచిన ఫ్రేములను మళ్లీ లెక్కగట్టి సరిచేసుకుంటుంది. ఆ లెక్కలన్నీ ఒక్క ఫ్రేము వ్యవధిలోనే ముగియాలి. కాబట్టి ఒంటరిగా ఆడినప్పుడు 60 ఫ్రేములను అతికష్టం మీద అందుకునే యంత్రం, వైఫై ఒడుదొడుకుల మధ్య నెట్టుకురాలేకపోవచ్చు. నెట్ ఆటకు కేబుల్ కలిపే వీలుంటే కలపడమే మేలు.

కొత్త కన్సోల్ మీద ఒక ఫైటింగ్ గేమ్‌ను పరీక్షించాలనుకునేవారు కథా విభాగంతో కాకుండా సాధన విభాగంతో మొదలుపెట్టడం మంచిది. ఎదుటి యోధుడికి పైనుంచి పడే దెబ్బను, కాళ్లకు తగిలే దెబ్బను నేర్పి, ఏది ఎప్పుడు వస్తుందో తెలియకుండా కలిపి వేయించుకుని, వాటిని చూసి ఆపగలుగుతున్నామో లేదో గమనించాలి. ఆ తర్వాత అగ్నిగోళాన్ని తెర ఎడమ వైపు నుంచీ, కుడి వైపు నుంచీ వరుసగా విసిరి చూడాలి. కుడి పక్కకు చేరగానే బొటనవేలు తిరగాల్సిన దిశ మారుతుంది, డీ-ప్యాడ్ (దిక్కుల బటన్ల) లోపం చాలాసార్లు ఆ ఒక్క పక్కనే బయటపడుతుంది.