చెరువు గట్టు మీద జనరేటర్ మొరాయిస్తే

సభకు నమస్కారం.

రొయ్యల రైతుకు డీజిల్ జనరేటర్ విలువ తెలిసేది తెల్లవారుజామున. రాత్రంతా రొయ్యలూ నాచూ వాడుకోగా ఆ వేళకు చెరువు నీటిలో ప్రాణవాయువు బాగా అడుగంటి ఉంటుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే, మెకానిక్ వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు. అందుచేత ట్రాలీ మీద గట్టు గట్టుకూ తిప్పుకునే చిన్న జనరేటర్లలో లోపాన్ని, ఇంజిన్ విప్పకుండానే, ఎలా పసిగట్టాలో చెబుతాను.

డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లో గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. సెల్ఫ్ కొట్టగానే టక్కుమని ఆగిపోయినా, ఇంజిన్ బరువుగా తిరిగినా ఆ వేడి పుట్టదు కనుక ముందు బ్యాటరీ చూడాలి. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే మీటరు 12.6 దగ్గర చూపుతుంది. అంత చూపుతున్నా తిరగకపోతే టెర్మినళ్ల మీద పేరుకున్న పూతను గీకి, బిగించి చూడండి. ఉప్పు గాలి తగిలే ఊళ్లలో ఇది మామూలే.

ఇంజిన్ చురుగ్గా తిరుగుతున్నా అంటుకోకపోతే, పొగగొట్టం నుంచి పొగ ఏమాత్రం రాకపోతే, డీజిల్ లోపలికి చేరడం లేదన్నమాట. ట్యాంకు పూర్తిగా ఎండిపోయాక డీజిల్ పోసినవారికి తరచుగా ఎదురయ్యేది ఇదే; లైనులో గాలి చేరి దారి కట్టేస్తుంది. అప్పుడు పదే పదే సెల్ఫ్ కొడితే బ్యాటరీ కూడా దిగిపోయి, ఒక లోపం రెండవుతుంది. డీజిల్ ఫిల్టర్ మీది ఎయిర్ స్క్రూను కొద్దిగా వదులు చేసి, చేతి పంపును నొక్కుతూ ఉంటే మొదట నురగ, తరువాత బుడగలతో డీజిల్ వస్తాయి. బుడగ లేని ధార వచ్చినప్పుడు, పంపు నొక్కుతూనే, స్క్రూ బిగించాలి. మరునాడు మళ్లీ ఇదే తంతు అయితే రబ్బరు పైపునూ క్లిప్పులనూ అనుమానించండి, ఎందుకంటే బయటకు చుక్క కారని సన్నని పగులు కూడా లోపలికి గాలిని లాగగలదు. ఫిల్టర్ అడుగున నీరు చేరితే దాన్నీ బయటకు వదిలేయాలి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చలికి గాలిలోని తేమ నీరవుతుంది కాబట్టి, పని కాగానే ట్యాంకు నింపి ఉంచడం మేలు.

నడుస్తున్న ఇంజిన్ గురించి పొగ రంగు చాలా చెబుతుంది. నల్లగా వస్తే లోడు మించిందని గాని, ఎయిర్ క్లీనర్ మూసుకుపోయిందని గాని అర్థం. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది. స్టార్ట్ అయిన కొత్తలో వచ్చే తెల్ల పొగకు కంగారు పడనక్కరలేదు గాని, వేడెక్కిన తరువాతా తగ్గకపోతే డీజిల్‌ను సిలిండర్‌లోకి చిమ్మే నాజిల్‌ను పరీక్ష చేయించాలి. నడుస్తూ నడుస్తూ తనంతట తాను ఆగిపోతే ఆయిల్ కొలత చూడండి. ఆయిల్ తగ్గితే ఇంజిన్‌ను ఆపే స్విచ్ ఉన్న సెట్టు, గట్టు వాలులో ఒరిగి ఉన్నా ఆగిపోవచ్చు.

ఇంజిన్ బాగానే ఉండి కరెంటు రాకపోతే ముందు బ్రేకర్, తరువాత తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు చూడాలి. నెలల తరబడి వాడని సెట్టులో అయస్కాంతశక్తి నశించి ఉండవచ్చు, దాన్ని తిరిగి కలిగించే పని మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదలాలి. వోల్టేజీ తూగుతుంటే ఇంజిన్ వేగం చూడండి. 50 హెర్ట్జ్ రావాలంటే రెండు ధ్రువాల సెట్టు నిమిషానికి 3000 చుట్లు, నాలుగు ధ్రువాలది 1500 చుట్లు తిరగాలి. ఏరేటర్లన్నీ ఒక్కసారిగా వేసి, జనరేటర్ కుంగిపోతోందని నిందించేవారు చాలామంది. మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలుకన్నా అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఒక్కొక్కటే, శబ్దం కుదుటపడ్డాక, వేసుకోవాలి.

చివరిగా, హడావుడిలో జనరేటర్ వైరును ఏదో ఒక ప్లగ్గులో గుచ్చి కరెంటు లైనుకు కలిపితే, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం పోవచ్చు. బయటి లైనును విడదీసి జనరేటర్‌ను కలిపే చేంజోవర్ స్విచ్ లేకుండా సెట్టును కలపకండి. వానకు తడుస్తుందని దాన్ని కాపలా గదిలోకీ తోయకండి. ఆ పొగలోని ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.