ఫిరంగి పొగగొట్టాల ఇల్లు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ దానికే సరి, అందుకని ఒక్క నమస్కారంతో సరిపెడుతున్నాను, ఏమీ అనుకోకండి.

ట్రిప్ కుటుంబం గురించి చెప్పమన్నారు. సెలవులకి మనం వేసే ట్రిప్ కాదండోయ్, ఇంటిపేరు. నెదర్లాండ్స్‌లో జాల్ట్‌బోమెల్ అనే చిన్న ఊరి వాళ్ళు. ఇనుము అమ్మారు, తారు అమ్మారు, చివరికి ఫిరంగులమ్మి గొప్పవాళ్ళయ్యారు. బావమరిది లూయీ డి గేర్‌కి స్వీడన్‌లో ఇనుప కొలుములు. ఫిరంగులు అక్కడ పోత పోయడం, ఇక్కడ అమ్మడం. ఎక్కడ యుద్ధమొచ్చినా బేరమే. కొన్ని శాఖలకి ప్రభువంశమన్న హోదా ఎప్పుడో 19వ శతాబ్దంలో దక్కింది, డబ్బు మాత్రం అంతకు రెండొందల ఏళ్ళ ముందే వచ్చేసింది.

ఈ వంశంలోని ఎలియాస్ ట్రిప్ డచ్ ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లలో ఒకడు. ఆ కంపెనీ వాళ్ళే మా బందరులోనూ దుకాణం పెట్టారు. అక్కడ వలందపాలెం అని పేట ఉంది, హాలెండు వాళ్ళని మనవాళ్ళు వలందులన్నారు. చిన్నప్పుడు అది ఏదో అమ్మవారి పేరనుకునేవాణ్ణి!

సరే, ఇల్లు. 1660-62లో లూయీ ట్రిప్, హెండ్రిక్ ట్రిప్ అనే అన్నదమ్ములు ఆమ్‌స్టర్‌డామ్‌లో క్లోవెనియర్స్‌బర్గ్‌వాల్ కాలవ ఒడ్డున కట్టించారు. పొగగొట్టాలు ఫిరంగుల ఆకారంలో ఉంటాయి. బయటికి ఒకటే మేడ, లోపల నడిమి గోడతో రెండు కాపురాలు. మనూళ్ళో అయితే ఆ గోడ కోసమే కోర్టుకెక్కేవాళ్ళు. 1885 దాకా రైక్స్‌మ్యూజియం, అంటే డచ్చివాళ్ళ జాతీయ మ్యూజియం, అందులోనే ఉండేది.

దానికి ఎదురుగా రెండున్నర మీటర్ల వెడల్పున్న బుల్లి ఇల్లొకటి ఉంది. "అయ్యగారి గుమ్మమంత ఇల్లున్నా చాలు" అని ట్రిప్‌ల బండివాడు అంటే, మిగిలిన రాయితో కట్టించిచ్చారట. గైడు చెబుతాడు, అందరూ నవ్వుతారు. అది కట్టింది 1696లో, అప్పటికి అన్నదమ్ములిద్దరూ పోయారు, కాబట్టి కథ ఉత్తదే. అయినా నాకు నవ్వు రాదు.

మా నాన్న ఒక షావుకారు గారి కారు డ్రైవరు. ఓసారి గుడివాడ పెళ్ళికి వెళ్ళారు, నేనూ వెనక సీట్లో ఉన్నాను. మూడు బంతులు లేచాయి, నన్ను మాత్రం పిల్లల బంతిలో కూర్చోబెట్టారు. డ్రైవరు తిన్నాడా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. చూడండి, వాళ్ళు చెడ్డవాళ్ళని నేననను, గుర్తు రాలేదు, అంతే. తిరుగు దారిలో అడిగితే "ఆకలి లేదురా" అన్నాడు. తెల్లారి కారు తుడుస్తుంటే సీటు కింద అరటి తొక్కలు నాలుగు కనబడ్డాయి.

ట్రిప్‌ల గురించి ఇంకా రెండు కాగితాలు రాసుకొచ్చాను, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఆదివారం ఖాళీ ఉంటే వెళ్ళిరండి. పెద్దది 29వ నంబరు, బుల్లిది 26. సెలవు.