ఉపన్యాసం అంటే దగ్గర పెట్టడం

శ్రోతలకు నమస్కారం.

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే మన మాట ఒకటి అర్థం మార్చుకుంటుంది. ఇటు శ్రీకాకుళంలో ఉపన్యాసమంటే సభలో చెప్పేది. అటు ఒడియాలో అదే మాటకు నవల అని అర్థం. బెంగాలీలోనూ, హిందీలోనూ అంతే. మలయాళంలోనైతే వ్యాసం.

ఇన్ని అర్థాలకూ మూలం ఒక్కటే. న్యాసం అంటే ఉంచడం. పూజలో అంగన్యాసం, కరన్యాసం చేసేవారికి ఇది తెలుసు: మంత్రం చదువుతూ ఒంటిని తాకి, ఆ మంత్రాన్ని అక్కడ ఉంచుతారు. తీరుగా ఉంచితే విన్యాసం. అన్నీ వదిలి పక్కన పెట్టేస్తే సన్న్యాసం. 'ఉప' అంటే దగ్గర కాబట్టి, ఉపన్యాసమంటే దగ్గరగా తెచ్చి పెట్టడం. అమరకోశం 'ఉపన్యాసస్తు వాఙ్ముఖమ్' అంది. మాటకు మొదలు, ఎత్తుగడ అన్నమాట. గొంతు పెంచడం, గంటలు గడపడం ఈ అర్థంలో ఎక్కడా లేవు. విషయం వినేవారికి చేరువ కాకపోతే దాన్ని మనవాళ్లు ఊకదంపుడు అన్నారు. ఎంత దంచినా ఊకలో బియ్యం రాలవు.

అలాగని నిడివి తప్పని కాదు. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు, 1925లో తణుకులో జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో నాలుగు గంటలు మాట్లాడారు. జనం మాట్లాడే తెలుగు రాతకు పనికిరాదన్న పండితుల ముందు, వాళ్లు గౌరవించే గ్రంథాల్లోంచే ప్రయోగాలు తీసి చూపించారు. సభ ఆయనతో ఏకీభవించింది. దూరమైపోయిన తెలుగును ఆయన దగ్గరకు తెచ్చి పెట్టారు. నా లెక్కలో ఉపన్యాసమంటే అది.

ఆయన పుట్టినరోజే తెలుగు భాషా దినోత్సవం. ఆవేళ బడుల్లో వక్తృత్వ పోటీలు పెడతారు. పిల్లలు ఎవరో రాసిచ్చింది బట్టీపట్టి, ఊపిరి తీసుకోకుండా అప్పజెబుతుంటే నాకు మనసు కలుక్కుమంటుంది. మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక మనవి. ఖద్దరు నేతకు పేరుపడ్డ పొందూరు పిల్ల ఒకతె వాలుగ చేప దవడతో పత్తి ఎలా శుభ్రం చేస్తారో తన ఇంటి యాసలోనే చెప్పిందనుకోండి. యాస దిద్దడానికి మధ్యలో ఆపకండి. చివరిదాకా చెప్పనివ్వండి, మార్కులు తగ్గించకండి.