లాస్ వేగాస్‌లో ఫోన్ నంబర్ 1 ఎవరిది?

లాస్ వేగాస్ వెళ్ళిన మనవాళ్ళు చాలామంది స్ట్రిప్ (పెద్ద పెద్ద కాసినో హోటళ్ళున్న రోడ్డు) మీద ఫౌంటెన్లు చూసి, ఫొటోలు దిగి, మర్నాడు పొద్దున్నే గ్రాండ్ కాన్యన్‌కి బండెక్కేస్తారు. ఈసారి ఒక్క సాయంత్రం ఫ్రీమాంట్ స్ట్రీట్‌కి కేటాయించండి. ఆ వీధిలో డోర్ నంబర్ 1 గోల్డెన్ గేట్. ఊళ్ళో అన్నిటికంటే పాత హోటల్ ఇదే.

(తెర మీద: పాత నలుపు తెలుపు ఫొటో)

1905 మే 15న రైల్వే కంపెనీ ఇక్కడి ఎడారి నేలను ప్లాట్లు వేసి వేలం పెట్టింది. స్టేషన్‌కి ఎదురుగా ఉన్న మూల ప్లాటును జాన్ మిల్లర్ అనే ఆయన 1,750 డాలర్లకు పాడుకుని, 1906లో హోటల్ నెవాడా పేరుతో తలుపులు తెరిచాడు. గది పదికి పది అడుగులు, అద్దె రోజుకి ఒక డాలరు. 1907లో ఊరికి టెలిఫోన్ వచ్చినప్పుడు మొదటి కనెక్షన్ ఈ హోటల్‌కే ఇచ్చారు, అందుకే దాని నంబరు ఉత్త 1!

ఇప్పుడు అసలు సంగతి. 1910 నుంచి 1931 దాకా లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో జూదం నిషేధం. అంటే పేకాట బల్లలు ఎత్తేసి ఇరవై ఏళ్ళు గడిచినా ఈ హోటల్ మూతపడలేదు, ఎందుకంటే రైలు దిగినవాడికి ముందు కావలసింది పడుకోవడానికి మంచం, ఆ మంచం స్టేషన్ ఎదురుగానే ఉంది. నాకు ఇందులో బాగా నచ్చేది ఇదే. 1931లో జూదానికి మళ్ళీ అనుమతి రాగానే పేరు సాల్ సాగేవ్ అని మార్చారు. ఇంగ్లీషులో రాసుకుని వెనక నుంచి చదవండి, లాస్ వేగాస్ వస్తుంది!

1955లో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిన ఇటాలియన్ అమెరికన్లు కొందరు ఇక్కడ గోల్డెన్ గేట్ కాసినో పెట్టారు. వాళ్ళు 1959లో మొదలుపెట్టిన రొయ్యల కాక్‌టెయిల్ (గాజు గ్లాసులో చిన్న రొయ్యలు, పైన ఎర్ర సాస్, ఒక నిమ్మ ముక్క) 50 సెంట్లే. 1991లో 99 సెంట్లు చేశారు. దానికోసమే జనం వచ్చేవాళ్ళు. 2017లో ఆపేశారు, అది మాత్రం నాకు నిజంగా బాధగా ఉంది.

ఈ ఊళ్ళో పాతవాటిని ఉంచరు. 1957లో తెరిచిన ట్రోపికానా అనే కాసినో హోటల్ టవర్లను 2024 అక్టోబరులో బాంబులు పెట్టి పడగొట్టారు. అలాంటిచోట 1906 నాటి హోటల్ అదే మూల మీద ఇంకా నడుస్తోంది.

రాత్రి పూట వెళ్ళండి, వీధి మీద కప్పులా పరిచిన పెద్ద తెర మీద లైట్ల షో ఉంటుంది, చూడటానికి టికెట్ అక్కర్లేదు. కాసినోలో ఆడాలంటే 21 ఏళ్ళు నిండాలి, ఐడీ మర్చిపోకండి.

బయటికొచ్చాక హోటల్ గుమ్మం దగ్గర నిలబడి రోడ్డు అవతలికి చూడండి. ప్లాజా హోటల్ కనబడుతుంది, పాత రైల్వే స్టేషన్ ఉన్న చోటు అదే. దాని వెనక పట్టాలు ఇప్పటికీ ఉన్నాయి, గూడ్సు రైళ్ళు వెళుతూనే ఉంటాయి.