కరువు ఏడాదిలో వరిగడ్డి ధర: బండి లెక్క కాదు, కిలో లెక్క

నమస్కారం. ఈ వీడియోను పాడి పశువులున్న రైతుల కోసం, ముఖ్యంగా అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో వానలు ముఖం చాటేసిన ఏడాది గడ్డి కోసం ఊరూరా తిరగవలసి వచ్చే వారి కోసం చేస్తున్నాను. వరిగడ్డి ధర ఎందుకు పెరుగుతుంది, ఏ నెలలో పెరుగుతుంది, మన ఇంటి ముందుకు వచ్చిన బండి అడిగిన ధరకు తగినదా కాదా అనేది ఎలా తేల్చుకోవాలి అనే మూడు విషయాలను లెక్కలతో సహా చూద్దాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. ఇక్కడ పశువులకు ఆధారం వేరుశనగ కట్టె, మనం బుడ్డల కట్టె అని పిలుచుకునేది. జూన్, జూలై నెలల్లో విత్తిన పంటను అక్టోబరు, నవంబరులో పెరికి, కాయ వలుచుకున్న తర్వాత మిగిలిన కట్టెను వామి వేసుకుంటే మళ్లీ వానలు పడేదాకా పశువుకు దిగులు ఉండదు. పంట ఎండిపోయిన ఏడాది కాయతో పాటు కట్టె కూడా పోతుంది. మామూలు ఏడాది మిగులు కట్టెను పక్క ఊరికి అమ్ముకునే రైతే ఆ ఏడాది గడ్డి కొనేవాడవుతాడు. అమ్మేవాళ్లు తగ్గి, ఆ తగ్గినవాళ్లే కొనేవాళ్లలో చేరడం వల్లనే కరువులో గడ్డి ధర మెల్లగా కాకుండా ఒక్కసారిగా ఎగబాకుతుంది.

అప్పుడు అందరి చూపు కాలువ కింద ఉన్న వరి మళ్ల వైపు మళ్లుతుంది. తుంగభద్ర ఎగువ కాలువ, కర్నూలు కడప కాలువ, నెల్లూరు జిల్లాలోని పెన్నా డెల్టా మనకు వరిగడ్డి ఇచ్చే ప్రాంతాలు. అయితే తుంగభద్ర జలాశయంలోకి వచ్చే నీరు కర్ణాటకలోని పడమటి కనుమల్లో పడిన వాన. కనుక మన ఊళ్లో వాన ఎంత పడిందో చూసుకుంటే చాలదు, అక్కడ ఎంత పడిందో కూడా కనిపెట్టి ఉండాలి. 2023 ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటిస్తే, కర్ణాటక తన 236 తాలూకాలలో 223 తాలూకాలను కరువు తాలూకాలుగా ప్రకటించింది. అటువంటి ఏడాది కాలువ కింద వరి తగ్గుతుంది, ఉన్న గడ్డి కోసం సరిహద్దు అవతలి నుంచి కూడా లారీలు వస్తాయి. జలాశయం మట్టం వార్తల్లో కనిపించినప్పుడు దానిని సాగునీటి వార్తగానే కాకుండా గడ్డి ధర వార్తగా కూడా చదవమని నేను చెప్పేది ఇందుకే.

ఇక నెలల విషయం. కృష్ణా డెల్టాలో సార్వా, అంటే ఖరీఫ్ వరి కోతలు నవంబరు, డిసెంబరులో సాగుతాయి. నెల్లూరు వైపు ప్రధాన పంట మార్చి, ఏప్రిల్‌లో కోతకు వస్తుంది. కోత జరుగుతున్న వారాలలో మడిలోని గడ్డిని ఎప్పుడు ఖాళీ చేద్దామా అని రైతు తొందరపడతాడు, ఎందుకంటే తర్వాతి పంటకు దున్నుకోవాలి. ఏడాది మొత్తంలో ధర తగ్గి ఉండేది ఆ వారాలలోనే. మే నెల వచ్చేసరికి ఆ గడ్డి వ్యాపారుల చేతికి చేరి ఉంటుంది, మామిడికాయలు మాగబెట్టేవాళ్లు కూడా దానిని అడుగుతుంటారు. కోత యంత్రంతో కోసిన మడిలో గడ్డి చెదిరిపోతుంది, కూలీలు దొరకక దానిని చాలాచోట్ల అక్కడే తగలబెడుతున్నారు. ఒక జిల్లాలో పొగగా పోతున్న మేత కోసం మరొక జిల్లాలో పశువులను సంతకు తోలుకుపోతున్నారంటే మనసుకు చాలా కష్టంగా ఉంటుంది. పది మంది రైతులు కలిసి బేలర్ యంత్రాన్ని మాట్లాడుకుని, గడ్డిని కట్టలు కట్టించి, ఒకే లారీలో తెచ్చుకుంటే ఈ దూరపు భారం కొంత తగ్గుతుంది. విడిగడ్డి తేలికైనది కాబట్టి బరువు నిండకముందే లారీ నిండిపోతుంది, కిరాయి మాత్రం పూర్తిగా ఇవ్వాలి. కట్టలైతే అదే లారీలో ఎక్కువ బరువు పడుతుంది.

ఇప్పుడు ధర లెక్కకు వద్దాం. ఒక మే నెలలో నేను తూకం వేయించకుండా ఒక ట్రాలీ గడ్డి కొన్నాను. పైన బంగారు రంగులో గలగలలాడుతున్న గడ్డి, దించిన మరునాడు మధ్యలో చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా, పులిసిన వాసనతో, తెల్లటి బూజుతో ఉంది. ఆవు మూతి పెట్టి వెనక్కి తిప్పుకుంది. ఆ రోజు నుంచి రెండు పనులు చేయకుండా నేను గడ్డి కొనలేదు: బండిని కాటా మీదకు ఎక్కించడం, మోచేతి దాకా లోపలికి చెయ్యి పెట్టి చూడడం.

ఈ ఉదాహరణ రాసుకోండి. ఇవి లెక్క అర్థం కావడానికి తీసుకున్న అంకెలు మాత్రమే, మీ ఊరి ధరలు వేసుకుని మీరు మళ్లీ చేయాలి. రెండు ట్రాలీలు, ఒక్కొక్కదాని ధర 9,000 రూపాయలు. మొదటిది 1,500 కిలోలు తూగింది, అందులో తేమ 10 శాతం. తేమ తీసేస్తే 1,350 కిలోల ఎండు మేత, అంటే కిలో సుమారు 6 రూపాయల 67 పైసలు. రెండవది 1,200 కిలోలు, తేమ 20 శాతం. మిగిలేది 960 కిలోలు, కిలో సుమారు 9 రూపాయల 38 పైసలు. కంటికి రెండు బండ్లూ ఒకే ఎత్తులో కనిపిస్తాయి. నాలుగు ఆవులకు రోజుకు ఆరేసి కిలోల ఎండుగడ్డి చొప్పున 120 రోజులకు 2,880 కిలోలు కావాలి. కిలోకు 2 రూపాయల 71 పైసల తేడా ఆ నాలుగు నెలల్లో సుమారు 7,800 రూపాయలు అవుతుంది.

బరువు తర్వాత చూడవలసింది సత్తువ. వరిగడ్డిలో మాంసకృత్తులు 3 నుంచి 4 శాతం మాత్రమే ఉంటాయి, మంచి వేరుశనగ కట్టెలో 8 నుంచి 10 శాతం దాకా ఉంటాయి. వరిగడ్డి కిలో 8 రూపాయలు, కట్టె కిలో 12 రూపాయలు అనుకుందాం. కిలో వరిగడ్డిలో 35 గ్రాములు, కిలో కట్టెలో 90 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయనుకుంటే, 100 గ్రాములకు వరిగడ్డితో దాదాపు 23 రూపాయలు, కట్టెతో 13 రూపాయలు పడుతుంది. పశువు కడుపు నిండడానికి వరిగడ్డి కావలసిందే, కానీ ఖరీదు ఎక్కువని కట్టెను పూర్తిగా వదిలేయడం నష్టం. పెరికిన తర్వాత వానకు తడిసి నల్లబడిన కట్టెను మాత్రం ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి, ఆ బూజు విషం పాలలోకి కూడా దిగుతుంది.

ధరలు మండిపోతున్నప్పుడు ఎండిపోతున్న జొన్న పైరును కోసి వేయాలని అనిపిస్తుంది. నీళ్లందక గిడసబారిన లేత జొన్నలో నాము అనే విషం ఉంటుంది, కొద్ది సేపట్లోనే పశువు ప్రాణం తీస్తుంది. పూత రాని జొన్న జోలికి పోకండి.

చివరగా, కొన్న వరిగడ్డి సత్తువను పెంచుకునే పద్ధతి ఉంది. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించాలి. గడ్డిని పొరలు పొరలుగా పరుస్తూ, ప్రతి పొర మీద ఆ నీటిని సమానంగా చల్లి, గట్టిగా తొక్కి, గాలి చొరబడకుండా పట్టాతో కప్పి 21 రోజులు ఉంచాలి. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు కనుక, 4 కిలోల యూరియాకు అయ్యేది 24 రూపాయలే, మాంసకృత్తులు మాత్రం దాదాపు రెట్టింపవుతాయి. యూరియా కలిపిన నీటిని పశువులు తాగకుండా బకెట్లను దూరంగా ఉంచండి. ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి వేయకూడదు. కుప్పను ఒక పక్క నుంచి తెరిచి, ఆ రోజుకు సరిపడా గడ్డిని తీసి, ఘాటు వాసన పోయేదాకా గంటకు పైగా ఆరబెట్టండి. మొదటి రోజుల్లో మామూలు గడ్డిలో కలిపి కొద్దికొద్దిగా అలవాటు చేయండి, తీసిన పక్కను మళ్లీ పట్టాతో మూసి రాళ్లు పెట్టండి.