గోడకి అటూ ఇటూ చంద్రకాంత

శ్రోతలకు నమస్కారం.

మా పెరటి గోడ మనిషి భుజం దాకా ఉంటుంది. అటు పిన్నిగారి ఇల్లు, ఇటు మాది. ఆవిడ నాకు వరసకి పిన్ని కాదు, పిలిచి పిలిచి పిన్నిగారు అయిపోయారు. గోడకి అటువైపు ఎర్ర చంద్రకాంత, ఇటువైపు తెల్ల చంద్రకాంత. ఈ కాసేపూ ఆ గోడ దగ్గరే నిలబడి మాట్లాడతాను.

పడి మొలిచే పూలమొక్కల గురించి చెప్పమన్నారు. అంటే మనం నారు పొయ్యక్కర్లేదు, నీళ్ళూ పెద్దగా పొయ్యక్కర్లేదు. తన గింజ తనే రాల్చుకుని, తొలకరి పడగానే తనే లేచి నిలబడే మొక్కలన్నమాట. బిళ్ళగన్నేరు, కాశీరత్నం, శంఖుపుష్పం, నాటుబంతి అన్నీ ఈ కోవలోవే. డిసెంబరం కాయైతే ఎండి టప్పున పగిలి గింజని అల్లంత దూరం విసురుతుంది. అన్నిటి గురించీ చెబితే రేషన్ లిస్టు చదివినట్టుంటుంది కాబట్టి ఒక్క చంద్రకాంత సంగతే చెబుతాను.

చంద్రకాంత చూడనివాళ్ళు తక్కువ. రెండు మూడడుగుల గుబురు మొక్క. పొద్దంతా ముడుచుకుని ఉంటుంది. సాయంత్రం నాలుగూ ఐదూ అయ్యేసరికి, మనం టీ పెట్టుకునే వేళకి, ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. చీకటి పడేకొద్దీ వాసన. తెల్లారి ఎండెక్కేసరికి వాడిపోతాయి. పువ్వు ఆయుష్షు ఒక్క రాత్రే. మనం రేకులు అనుకునేవి నిజానికి రేకులు కావు, రక్షక పత్రాలు, అంటే మామూలు పూలకి అడుగున పచ్చగా ఉండేవి. ఈ పువ్వుకి ఆకర్షక పత్రాలే, అంటే అసలు రేకులే లేవు. ఇది తెలిశాక కూడా నేను రేకులనే అంటున్నాను, మీరూ అనండి, ఏం ఫరవాలేదు.

దీని పుట్టిల్లు మన దేశం కాదు, అమెరికా ఖండంలోని వేడి ప్రాంతాలు. మిరాబిలిస్ జలాపా అని శాస్త్రీయ నామం. లాటిన్‌లో ఆ మొదటి మాటకి అద్భుతమని అర్థం. మనవాళ్ళు అంతకన్నా మంచి పేరే పెట్టుకున్నారని నా అభిప్రాయం.

ఇక గోడ దగ్గరికి వద్దాం.

రాత్రి ఏడు దాటాక ఆ పూల దగ్గరికి ఒక పెద్ద రెక్కల పురుగు వస్తుంది. ఇంగ్లీషులో హాక్ మాత్ అంటారు. పువ్వు మీద వాలదు. గాలిలో ఒకేచోట నిలబడి రెక్కలు కొట్టుకుంటూ, పొడుగాటి తొండం పువ్వు గొట్టంలోకి దింపి తేనె తాగుతుంది. మొదటిసారి చూసినప్పుడు చిన్న పిట్టేమో అనుకున్నాను. దానికి గోడ ఒక లెక్కా! పిన్నిగారి ఎరుపు మీద తాగి, మా తెలుపు మీద తాగి, పుప్పొడి ఇటుదటు, అటుదిటు చేసి పోతుంది. మరి ఏ పురుగూ రాకపోతే? అప్పుడూ ఇబ్బంది లేదు. పువ్వు ముడుచుకునేటప్పుడు లోపలి కేసరాలూ కీలమూ కలిసి చుట్టుకుపోతాయి. తన పుప్పొడి తనకే అంటుతుంది. చుట్టం వచ్చినా రాకపోయినా గింజ కట్టడం మాత్రం ఆగదు. పువ్వుకి ఒక్కటే గింజ. నల్లగా, ముడతలు పడి, ఆకుపచ్చ గిన్నెలో పెట్టినట్టు కూర్చుని ఉంటుంది. వేలు తగిలిస్తే చేతిలోకి రాలుతుంది.

ఒక ఏడాది వానలు పడ్డాక గోడ కింద మావైపు రెండు కొత్త మొక్కలు లేచాయి. పూశాక చూస్తే ఎరుపూ కాదు, తెలుపూ కాదు. రెండూ కూడబలుక్కున్నట్టు లేత గులాబీ రంగు. ఆ రంగు మా వీధిలో ఎవరింటా లేదు. ఒక్కదానికి ఉన్న గర్వం చూడాలి! మొక్కకి కాదండీ, నాకు. వచ్చినవాళ్ళందరినీ పెరట్లోకి తీసుకెళ్ళి చూపించాను. ఎదురింటి వదినగారు చూసి, "నాకు ఈ రంగే కావాలమ్మా, ఇంకో రంగు వద్దు" అన్నారు. ఆ రెండు మొక్కల నుంచే గింజలు ఏరి, పొట్లం కట్టి, నా చేత్తో నేనే ఇచ్చాను.

మరుసటి ఏడు వాళ్ళ గేటు పక్కన పదకొండు మొక్కలు పూశాయి. ఆరు గులాబీ రంగు. మూడు ఎరుపు. రెండు తెలుపు.

వదినగారు ఒక తెల్ల పువ్వు కోసుకుని వచ్చి నా ముందు పెట్టారు. "గులాబీ అన్నావు" అన్నారు. అంతే. ఇంకేమీ అనలేదు. నేను దేవుడి మీద ఒట్టు వేసుకున్నా నమ్మేలా లేరు. మంచి రంగు నా దగ్గర ఉంచేసుకుని, ఏవో కలగాపులగం గింజలు అంటగట్టాననే ఆవిడ ఉద్దేశం. రెండు రోజులు పలకరింపులు తగ్గాయి. చిన్న విషయమేగానీ, వీధిలో చిన్న విషయాలకే టెన్షన్ ఎక్కువ.

మమ్మల్ని ఆ గొడవలోంచి బయటపడేసింది వాళ్ళమ్మాయే. ఇంటర్ బైపీసీ చదువుతోంది. పుస్తకం పట్టుకుని వచ్చి, "అమ్మా, ఇది మా బోటనీ మేడం చెప్పిందే" అంది. ఎర్ర చంద్రకాంతకీ తెల్ల చంద్రకాంతకీ పుట్టినవి గులాబీ రంగువి. ఆ గులాబీ మొక్కలు తమలో తామే గింజ కడితే, వాటి పిల్లల్లో సుమారుగా నాలుగింట ఒకటి తాత పోలిక, ఒకటి అమ్మమ్మ పోలిక, మిగతా రెండు మాత్రమే గులాబీ. పదకొండులో మూడు, ఆరు, రెండు. లెక్క దాదాపు సరిపోయింది. పెరట్లో పూసిన లెక్క పుస్తకంలో లెక్కతో కలిసేసరికి ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. వదినగారు మాత్రం, "అయితే నాకు ఇచ్చేటప్పుడే ఈ ముక్క చెప్పొచ్చుగా" అన్నారు. నాకు తెలిస్తేగా చెప్పడానికి!

ఈ పోలికల లెక్కలు మొదట బఠాణీ మొక్కల మీద కట్టినాయన మెండెల్. 1900లో ఆ లెక్కల్ని మళ్ళీ లోకానికి చూపించిన ముగ్గురిలో ఒకరైన జర్మన్ శాస్త్రవేత్త కారెన్స్ ఈ మొక్కనే పెంచి పరీక్షించాడు. ఆకుల మీద తెల్లమచ్చలుండే చంద్రకాంత ఒకటుంది. ఆ మచ్చలు తల్లి మొక్క నుంచే వస్తాయి, పుప్పొడి ఏ మొక్కదన్నదాంతో పని లేదు. ఆ సంగతి 1909లో ప్రకటించాడు. ఇది గోడ మీదుగా పిన్నిగారికి చెబితే, "బిడ్డకి తల్లి పోలిక రావడం కూడా కనిపెట్టాలా?" అన్నారు.

సరే, టైమ్ చూస్తున్నాను. మీరూ ఇలాంటి మొక్కలు పెంచి పంచుకోవాలనుకుంటే మొదట చేతికి చెప్పుకోవాల్సింది ఒక్కటే. ఊడ్చెయ్యకండి. చంద్రకాంత కింద రాలిన గింజ అక్కడే ఉండాలి. ఊడ్చెయ్యకండి. వానలు పడ్డాక రెండు వెడల్పాటి ఆకులు, అరచేతులు చాపినట్టు నేలకి దగ్గరగా కనిపిస్తాయి. పెద్ద మొక్క ఆకుల్లా ఉండవు. ఏదో కలుపు అనుకుంటాం. మొదటి ఏడాది ఆ పొరపాటు చేసింది నేనే, ఇంకెవరో కాదు. దసరాకి పెరడు శుభ్రం చేస్తున్నానని చెప్పి ముప్పై మొలకలు పీకి కుప్ప పోశాను. బంతి మొలకైతే సన్నటి రెండు ఆకుల మధ్యలోంచి రంపంలాంటి ఆకు వస్తుంది, అది సులువు. మీకు ఇష్టమైన మొక్క పసిమొహం ఎలా ఉంటుందో ఒకసారి కుండీలో నాటి చూసుకోండి. గింజని రాత్రి నీళ్ళలో నానబెట్టి, వేలి కొస మునిగేంత లోతున పెడితే వారం పది రోజుల్లో మొహం చూపిస్తుంది. ఒత్తుగా లేస్తే ఒకటిన్నర అడుగుకి ఒకటి ఉంచి, మిగతావి వాన పడుతుండగా వేళ్ళకి మట్టితో సహా తీసి పక్కింటికి ఇవ్వండి. ఎండాకాలం మొక్క ఎండిపోయినా కంగారు పడకండి, కింద దుంప ఉంటుంది, మళ్ళీ చిగురిస్తుంది.

ఇంకో మాట. నర్సరీలో కొన్న పెద్ద పెద్ద హైబ్రిడ్ బంతి గింజలు దాచి ఎవరికైనా ఇచ్చి, అదే పువ్వు వస్తుందని మాట ఇవ్వకండి. నా అనుభవం చెప్పాను కదా! ఉత్సాహం కొద్దీ చెరువుగట్టు మీదా, పొలం గట్ల మీదా చల్లి రాకండి. అందంగా ఉందని తెచ్చిన గుర్రపుడెక్క మన చెరువుల్ని ఏం చేసిందో చూస్తూనే ఉన్నాం. ఇంటి నుంచి ఇంటికి, చేతి నుంచి చేతికి. అంతవరకే.

ఇక పొట్లం. గింజ పూర్తిగా నల్లబడ్డాకే ఏరాలి. రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టి, కాగితంలోనే కట్టాలి. ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పట్టి బూజు పడుతుంది. కట్టాక తప్పకుండా పొట్లం మీద పేరు రాయాలి. ఎందుకంటే చంద్రకాంత గింజ అచ్చం మిరియపు గింజలా ఉంటుంది. అచ్చం. జపాన్‌లో దీన్ని పౌడర్ పువ్వు అంటారట, గింజ చితక్కొడితే తెల్లటి పిండి ఉంటుంది, పిల్లలు మొహానికి రాసుకుని ఆడుకునేవారు. కానీ ఆ గింజ విషం. తింటే వాంతులూ విరేచనాలూ. దుంప కూడా అంతే. నేనొకసారి పేరు రాయని పొట్లం వంటింటి గూట్లో పెట్టాను. మావారు చారు పెడదామని దాన్ని విప్పి, రోట్లో పొయ్యబోతూ, "ఈ మిరియాలకి ఘాటు లేదేమే?" అని వాసన చూస్తుంటే వెళ్ళి లాక్కున్నాను. ఆ రోజు నుంచి పొట్లాలు వంటింట్లోకి రావడం లేదు. పసిపిల్లలున్న ఇంటికి ఇచ్చేటప్పుడు నోటితో కూడా చెబుతాను.

పొట్లం మీద నేను మూడే రాస్తాను: మొక్క పేరు, ఏరిన నెల, "తినకూడదు" అని. రంగు రాయడం మానేశాను. మొన్న వదినగారు తమ గేటు పక్క మొక్కల గింజలు మా పిన్నిగారి చెల్లెలి కోసం పంపించారు. పొట్లం మీద వాళ్ళమ్మాయి దస్తూరీ: "చంద్రకాంత. కార్తీకం. తినకూడదు. రంగు పూశాక మీరే చెప్పండి."

నమస్కారం.